ముందు గది... తర్వాతే స్పీకరు

ఇంట్లో మంచి ఆడియో సిస్టమ్ పెట్టుకోవాలంటే దుకాణానికి వెళ్లే ముందు ఇల్లు చూసుకోవాలి. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టక్కర్లేదు, డబ్బా మీది అంకెల్ని ఎంతవరకు నమ్మాలి... ఇవన్నీ ఈ కథనంలో.

ఇంకా సామాను దిగని కొత్త ఫ్లాట్‌లో, హాలు మధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చేతులు ఆగిపోయాక కూడా గోడల మధ్య ట్రింగుమంటూ ఒక మోత తిరుగుతుంది. అదే హాల్లోకి సోఫా, కర్టెన్లు, పుస్తకాల బీరువా, మందపాటి తివాచీ వచ్చాక మళ్లీ కొట్టండి. ఈసారి చప్పట్లు చప్పట్లలాగే వినిపిస్తాయి. ఆడియో సిస్టమ్ కొనాలనుకునేవాళ్లకు మొదటి పాఠం ఇదే. లక్ష రూపాయల స్పీకర్లు తెచ్చినా అవి పాడాల్సింది ఆ హాల్లోనే. మన చెవికి చేరేది స్పీకరూ గదీ కలిసి చేసిన శబ్దం. అందులో గది వాటా మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ.

ఈ సంగతిని మొదట కొలిచి తేల్చినవాడు వాలెస్ సబీన్. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కొత్తగా కట్టించిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో ప్రొఫెసర్ ఏం చెబుతున్నాడో విద్యార్థులకు అర్థమయ్యేది కాదు. ఒక మాట అంటే అయిదు సెకన్లకు పైగా అది గాల్లోనే తిరిగి, వెనక వచ్చే మాటల మీద పడేది. దాన్ని బాగుచేసే పని 1895లో ఫిజిక్స్ విభాగంలో కుర్రవాడైన సబీన్‌కు అప్పజెప్పారు. ఆయన దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మీది మెత్తలు మోయించి తెచ్చి, కొద్దికొద్దిగా పరుస్తూ, ఆర్గన్ గొట్టం మోగించి ఆపి, ఆ శబ్దం పూర్తిగా అణగడానికి ఎంతసేపు పడుతోందో రాత్రిళ్లు కూర్చుని కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. ఎంత మెత్తకు ఎంత తగ్గుతుందో ఒక సూత్రం దొరికింది. ఆ సూత్రాన్ని నమ్ముకుని కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరుచుకుంది. ప్రపంచంలో సంగీతానికి అనువైన హాళ్ల పేర్లు చెప్పమంటే ఇప్పటికీ దాని పేరు ముందు వరసలో వస్తుంది.

ఇప్పుడు మన ఇళ్లు చూడండి. కింద విట్రిఫైడ్ టైల్స్, పుట్టీ పెట్టి నున్నగా తేల్చిన గోడలు, బాల్కనీకి అద్దాల తలుపు. శబ్దాన్ని పీల్చుకునేది ఒక్కటీ లేదు. పాత పెంకుటింటి వసారాలో రేడియో హాయిగా వినిపించిందంటే అందులో సగం పుణ్యం ఆ ఇంటిదే. ఒకవైపు తెరిచి ఉండేది, శబ్దం వెళ్లిపోవడానికి దారి ఉండేది. ఇప్పటి హాల్లో ఆ దారి మనమే చేసుకోవాలి. నేల మీద ఒక వరంగల్ జంపఖానా పరిస్తే కొంత మేలు. అయితే పలుచటి నూలు జంపఖానా పై స్వరాల మోతను మాత్రమే తగ్గిస్తుంది. దాని కింద పాత బొంత వేస్తే పనితనం బాగా పెరుగుతుంది. కర్టెన్లు కిటికీ వెడల్పుకు రెట్టింపు గుడ్డతో, కుచ్చులు పడేలా కుట్టించుకోవాలి. పుస్తకాలు నిండిన అల్మరా గోడకు ఉంటే దానంత మంచి సాధనం లేదు. కొందరు గుడ్ల అట్ట ట్రేలు గోడకు అతికిస్తుంటారు. అవి కింది స్వరాలను ఏమీ చేయలేవు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. దయచేసి ఆ పని చేయకండి.

10కి 10 గదిలో ఏం జరుగుతుంది?

మోత ఒక సమస్య అయితే, అంతకన్నా మొండి సమస్య ఇంకోటి ఉంది. మన ఫ్లాట్లలో బెడ్‌రూము అంటే 10 అడుగులకు 10, లేదా 10కి 12. కప్పు ఎత్తు కూడా ఇంచుమించు 10 అడుగులే. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య 10 అడుగుల దూరం ఉంటే, 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం ముందుకూ వెనక్కీ కొట్టుకుని ఒక స్థిర తరంగంగా నిలబడిపోతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే అయిన గదిలో మూడు దిక్కులూ ఆ 56 దగ్గరే ఏకమవుతాయి. బేస్ గిటార్ మూడో తీగను ఊరికే మీటితే వచ్చే స్వరం 55 హెర్ట్జ్. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. ఆ నడకలో ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా గది బూంమని ఊగుతుంది, పక్క స్వరం ఎక్కడో మాయమవుతుంది. వినేవాళ్లు స్పీకరును తిట్టుకుంటారు. తప్పు గది కొలతలది.

గోడలు జరపలేం కాబట్టి మనం జరగాలి. ఈ తరంగం బలం గోడల దగ్గర ఎక్కువ, గది నడిమధ్యన తక్కువ. అందుకే సోఫాను వెనక గోడకు ఆనించి కూర్చుంటే బేస్ ముద్దగా, నడిమధ్యన కూర్చుంటే బేస్ లేనట్టే ఉంటుంది. వెనక గోడ నుంచి గది పొడవులో సుమారు మూడో వంతు ముందుకు జరిగి కూర్చుంటే చాలా గదుల్లో కుదురుతుంది. గదుల్లో ఎంచుకునే వీలుంటే చదరపు గదిని వదిలి, పొడవు వెడల్పుల్లో తేడా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఈ రెండు మార్పులకూ ఒక్క రూపాయి ఖర్చు లేదు. వాటిని చేయకుండా స్పీకర్లు మార్చుకుంటూ పోయేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

స్పీకర్లు పెట్టే చోటు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చాలా ఇళ్లలో ఒక స్పీకరు షోకేసు పైన, ఇంకోటి కిటికీ మూల, మధ్యలో టీవీ. అలా పెట్టాక స్టీరియో అన్న మాటకు అర్థం ఉండదు. లండన్ ఇంజనీరు అలాన్ బ్లుమ్‌లైన్ 1931లో స్టీరియోకు పేటెంటు దరఖాస్తు చేసింది, సినిమా తెర మీద మనిషి ఒక పక్కకు నడిచిపోతుంటే గొంతు మాత్రం ఉన్నచోటే ఉండిపోతోందన్న అసంతృప్తితోనే. రెండు స్పీకర్లూ, వినేవాళ్లూ కలిసి సమబాహు త్రిభుజంలా ఉండాలి. స్పీకర్ల మధ్య ఏడడుగులుంటే మీకూ ఒక్కో స్పీకరుకూ మధ్య కూడా ఏడడుగులే. పై స్వరాలు పలికే చిన్న డ్రైవరు, అంటే ట్వీటర్, కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. వెనక గోడకు అంటించకుండా కనీసం ఒక అడుగు, వీలైతే రెండు, ముందుకు లాగాలి. టీవీ యూనిట్ గూట్లో దూర్చకూడదు.

ఇంకొక పని ఉంది, ఇద్దరు కావాలి. మీరు వినే చోట కూర్చోండి. ఇంకొకరు పక్క గోడకు చిన్న అద్దం ఆనించి మెల్లగా జరుపుకుంటూ వెళ్లాలి. అద్దంలో మీకు స్పీకరు ఎక్కడ కనిపించిందో, పాట గోడకు తగిలి మీ చెవికి మళ్లేది సరిగ్గా అక్కడే. పెన్సిలుతో గుర్తు పెట్టండి. అవతలి గోడకూ అలాగే. ఆ రెండు చోట్ల పుస్తకాల ర్యాకు పెట్టినా, బరువైన కర్టెను వేలాడదీసినా సుశీల గొంతు రెండు స్పీకర్ల నడుమ, గాల్లో, ఒక్కచోట నిలబడుతుంది. ఈ తేడాను మొదటిసారి విన్నవాళ్ల మొహం చూడాలి.

స్పీకరును పరీక్షించేది మన పాటే

ఇక కొనే సంగతి. ఉన్న డబ్బులో సగానికి తక్కువ కాకుండా స్పీకర్ల మీద పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ₹60,000 ఉంటే ₹30,000 నుంచి ₹35,000 దాకా రెండు స్పీకర్లకు, ₹20,000 లోపు ఆంప్లిఫైయర్‌కు, మిగిలింది స్టాండ్లకు, తివాచీకి, తీగలకు. అదే డబ్బుతో ఆరు పెట్టెల 5.1 సెట్టు వస్తుంది కదా అని ఆశ పుడుతుంది. సినిమాలే చూస్తామంటే సరే. పాట కోసమైతే ఆరు నాసిరకం పెట్టెలకన్నా రెండు మంచివి ఎప్పుడూ మేలు. ఆంప్లిఫైయర్ లోపలే అమర్చిన యాక్టివ్ స్పీకర్లు కూడా ఇప్పుడు బాగుంటున్నాయి. చిన్న గదికి, తక్కువ బడ్జెట్‌కు వాటినే ముందు చూడమంటాను.

అంకెలు చూసి కొనకండి. అమర్ బోస్ కథ ఇక్కడ చెప్పుకోదగింది. తండ్రి బెంగాల్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన స్వాతంత్ర్య యోధుడు. కొడుకు ఎం.ఐ.టి.లో చదువు ముగిస్తూ 1956లో, కాగితం మీది సాంకేతిక వివరాలన్నీ సరిచూసుకుని ఒక స్టీరియో కొన్నాడు. తీరా ఇంట్లో వాయించి చూస్తే వయొలిన్ వయొలిన్‌లా లేదు. అంకెలు అంత గొప్పగా ఉండి శబ్దం ఇలా ఎందుకుందన్న ప్రశ్నతో మొదలైన పరిశోధనే 1964లో బోస్ కంపెనీ అయింది. కెనడాలో ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త ఇంకో దారిలో వెళ్లాడు. తెర వెనక స్పీకర్లు మార్చి మార్చి పెట్టి, ఏది ఏదో తెలియకుండా జనానికి వినిపించి మార్కులు వేయించాడు. వినికిడి సరిగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఒకే రకం స్పీకర్లకు మొగ్గారు. ఏ స్వరాన్నీ ఎక్కువ చేయనివి, ఏదీ తగ్గించనివి, ఎదుట కూర్చున్నా పక్కన కూర్చున్నా ఒకేలా పలికేవి. తెర తీసేసి చూపిస్తూ వినిపిస్తే మాత్రం మార్కులు మారిపోయాయి. పెట్టె సైజు, పేరు, ధర చెవిని కమ్మేస్తాయి.

అందుకే దుకాణానికి మన పాటలు మనం పట్టుకెళ్లాలి. అక్కడ వాళ్లు వేసే డెమో పాట ఆ స్పీకరు లోపం బయటపడకుండా ఎంచుకున్నదే అయి ఉంటుంది. ఒక గొంతు, ఒక తంబుర, ఒక మృదంగం ఉన్న కచేరీ రికార్డింగు చాలు. మృదంగం ఎడమ మూతికి వాయించే ముందు తడి రవ్వ ముద్ద అద్దుతారు. ఆ బరువుకు అటువైపు లోతుగా, గుండ్రంగా పలుకుతుంది. కుడివైపు నల్లటి పూత ఉన్న మూతి స్పష్టమైన శ్రుతితో ఖంగుమంటుంది. మంచి స్పీకరులో ఈ రెండూ ఒకే వాద్యం నుంచి వస్తున్నట్టు ఉంటూనే, దెబ్బకు దెబ్బ విడిగా తెలియాలి. నాసి స్పీకరులో ఎడమవైపు దెబ్బలన్నీ ఒకటే 'దుబ్బు'గా కలిసిపోతాయి. తంబుర తీగ కింద నూలుపోగు పెట్టడం వల్ల పుట్టే ఆ జుమ్మనే నాదం గాయకుడు మొదలుపెట్టాక కూడా వెనకాల వినపడుతూనే ఉండాలి. బాలమురళి గొంతు మంద్రంలోకి దిగినప్పుడు ఛాతీ ఉబ్బినట్టు వినిపించినా, తారస్థాయిలో 'స' శబ్దం సర్రుమని చెవిలో గుచ్చుకున్నా ఆ స్పీకరు వద్దు.

పోల్చేటప్పుడు రెండు స్పీకర్ల వాల్యూమూ సమానంగా ఉందో లేదో చూడండి. కాస్త ఎక్కువ మోగేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. ఇంకో సంగతి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించినట్టు, శబ్దం తగ్గించేకొద్దీ మన చెవికి కింది స్వరాలు ముందుగా దూరమవుతాయి. ఇంట్లో రాత్రి పూట చిన్నగా పెట్టుకుని వినేవాళ్లు దుకాణంలోనూ చిన్నగా పెట్టి వినాలి. పాత ఆంప్లిఫైయర్ల మీద 'లౌడ్‌నెస్' మీట ఉండేది ఇందుకే. అది ఉన్న ఆంప్లిఫైయర్ దొరికితే మంచిదే.

'సార్, ఇది 3,000 వాట్స్!'

అట్టపెట్టె మీద పి.ఎం.పి.ఓ. అని రాసి పక్కన వేలల్లో వాట్లు అచ్చువేయడం మన బజార్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న మోసం. దాన్ని మోసమే అనాలి. ఆ అంకెకు ఏ ప్రమాణమూ లేదు. సెట్టును తిప్పి వెనక అతికించిన చీటీ చదవండి. 230 వోల్టులు, 60 వాట్లు అని ఉంటుంది. గోడ సాకెట్టు నుంచి 60 వాట్లు తీసుకునే యంత్రం స్పీకర్లకు నిలకడగా 60కి మించి ఇవ్వలేదు, నిజానికి అంతకన్నా తక్కువే ఇస్తుంది. చూడాల్సింది ఆర్.ఎం.ఎస్. వాట్లు, అంటే నిలకడగా ఇవ్వగల శక్తి. అది ఎన్ని ఓమ్స్‌కు, అంటే స్పీకరు ఎంత విద్యుత్ నిరోధానికి అన్నది కూడా.

అసలు ఎన్ని వాట్లు కావాలి? ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 88 డెసిబెల్స్ వినిపించే స్పీకర్లు రెండు ఉన్నాయనుకోండి. రెండున్నర మీటర్ల దూరంలో కూర్చున్నా ఒక్కో వాటుతోనే 80 డెసిబెల్స్ దాటుతుంది. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట సుమారు 60. అంటే ఇంట్లో మామూలుగా వినడానికి ఒక్క వాటు సరిపోతోంది. మరి ఆంప్లిఫైయర్‌కు 50 వాట్లు ఎందుకంటే, మృదంగం మీద పడ్డ ఒక గట్టి దెబ్బ, తవిల్ తీర్మానం, సినిమా పాటలో అందరూ కలిసి ఎత్తుకున్న వాద్యబృందం, ఇవి క్షణకాలం సగటుకన్నా 20 డెసిబెల్స్ పైకి పోగలవు. 20 డెసిబెల్స్ అంటే 100 రెట్ల శక్తి. ఆ క్షణంలో ఆంప్లిఫైయర్ ఊపిరి చాలకపోతే శబ్దం చిట్లుతుంది. 50 వాట్లకూ 100 వాట్లకూ తేడా మాత్రం 3 డెసిబెల్స్. దాని కోసం ధర రెట్టింపు పెట్టనక్కర్లేదు. ఒక వాటుకు 86 ఇచ్చే స్పీకరు బదులు 89 ఇచ్చేదాన్ని ఎంచుకుంటే అదే 3 వచ్చేస్తుంది. ఓమ్స్ విషయం ఒక్కటి జాగ్రత్త. 8 ఓమ్స్‌కు మాత్రమే అని రాసిన ఆంప్లిఫైయర్‌కు 4 ఓమ్స్ స్పీకర్లు తగిలిస్తే వేడెక్కి పోతుంది.

తీగల గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్లున్నారు. ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మెత్తగా వంగే రకం, ఎలక్ట్రికల్ షాపులో మీటరు లెక్కన తెచ్చుకుంటే అయిదు మీటర్ల దూరానికి ఏ లోపమూ రాదు. తీగ ధరకన్నా దాన్ని సరిగ్గా తగిలించడం ముఖ్యం. ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తారుమారైతే ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. బేస్ కరిగిపోతుంది, గొంతు ఎక్కడుందో తెలియదు. పాత స్పీకర్ల మీద గుర్తులు చెరిగిపోయి ఉంటే 1.5 వోల్టుల టార్చి బ్యాటరీని తీగలకు ఒక్క క్షణం తాకించండి. పెద్ద డ్రైవరు కోన్ ముందుకు కదిలితే బ్యాటరీ ప్లస్ తగిలిన తీగే స్పీకరు ప్లస్.

కింది స్వరాలకే ఉండే సబ్‌వూఫర్ పెట్టుకుంటే దాన్ని మూలన దాచేయకుండా, ముందు మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, నేల మీద చేతులూ మోకాళ్ల మీద గది చుట్టూ తిరగండి. బేస్ ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడ దాన్ని పెట్టండి. 80 హెర్ట్జ్ కింది పని మాత్రం దానికి అప్పజెప్పండి. అపార్ట్‌మెంటులో ఉంటే ఈ కింది స్వరాలే గోడలు దాటి పక్కింటికి పోతాయని గుర్తుంచుకోవాలి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి.

కరెంటు సంగతి మన దగ్గర వేరేగా చూడాలి. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో ఎంత ఖరీదైన ఆంప్లిఫైయరైనా గుయ్యిమనే అవకాశం ఉంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపినా అంతే, సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉండాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు ఎర్తింగు సరిచేయించడం ఏ కొత్త పరికరంకన్నా చవక. పాట వినేటప్పుడు ఫ్యాను 5 నుంచి 2కు తగ్గించినా తంబుర బయటికి వస్తుంది.

పాట ఎక్కడి నుంచి వస్తోంది అన్నది చివరికి ఉంచాను, చాలామంది మొదట దీని దగ్గరే ఆగిపోతారు గనక. 1982లో వచ్చిన సీడీ ప్రమాణం, సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు, మనిషి చెవికి సరిపోతుంది. బ్లూటూత్ పాటను కుదించి పంపుతుంది, రోజూ వినడానికి అది చాలు, తీరిగ్గా కూర్చుని వినేటప్పుడు వైరు మేలు. అసలు చూడాల్సింది మూలం నాణ్యత. 1957 నాటి 'మాయాబజార్' పాటలు, ఘంటసాల పాడిన ఆ కాలపు పాటలన్నీ మోనోలో రికార్డయినవే. వాటికి దొంగ స్టీరియో, ప్రతిధ్వని కలిపి వదిలిన కాపీలు లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. అవి వద్దు. చక్కగా ఎక్కించిన మోనో దొరికే దాకా వెతకండి. త్రిభుజం కుదిరిన గదిలో ఆ మోనో పాట వేస్తే గొంతు రెండు పెట్టెల మధ్యన, ఎదురుగా మనిషి నిలబడినట్టు వస్తుంది. స్టీరియో కాదన్న లోటు కనిపించదు.

కొత్తవి కొనేముందు అటక మీద కూడా ఒకసారి చూడండి. పాత సెట్టు స్పీకర్లు చాలా ఇళ్లలో పడి ఉంటాయి. కోన్ చుట్టూ ఉండే నురగ అంచు మన తేమకు, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో, కొన్నేళ్లకే పొడి అయిపోతుంది. రబ్బరు అంచు చాలా కాలం నిలుస్తుంది, కొత్త స్పీకరు ఎంచుకునేటప్పుడు కూడా అదే అడగండి. తుక్కు కింద ఇచ్చే ముందు పాత స్పీకరు అంచును వేలితో మెల్లగా తాకి చూడండి. పొడి రాలుతుంటే చాలాసార్లు పోయింది అంచు ఒక్కటే. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో, మరో ఊళ్లో అయితే పాత రేడియో మెకానిక్ దగ్గర అంచు మార్పించడానికి ఎంతవుతుందో అడిగి, ఆ తర్వాతే కొత్త స్పీకర్ల ధరలు కనుక్కోండి.